ఎడమ పక్క సీటు

అమెరికాలో, కాపెల్ అనే ఊళ్లో కూతురు ఉండే వీధికి బస్సు రాదని వీరాంజనేయులు వచ్చిన మొదటి వారంలోనే తెలుసుకున్నాడు. పొద్దున్నే స్వెట్టర్ తొడుక్కుని, వీధి చివర రెండు రోడ్లు కలిసేచోట నిలబడి చాలాసేపు చూశాడు. కార్లు వచ్చాయి, పోయాయి. అద్దాల వెనక కారుకొక మనిషి. ఎవరి పక్కనా ఎవరూ లేరు. టెక్సస్ గాలి అడ్డూ ఆపూ లేకుండా పచ్చిక మీదుగా వచ్చి ఆయన చెవుల్లో దూరింది. కాసేపటికి బడిపిల్లల పసుపుపచ్చ బస్సొకటి మలుపు తిరిగింది. ఆయన చెయ్యి దానంతటదే పైకి లేచింది. బస్సు నడుపుతున్న ఆవిడ నవ్వి, తనూ చెయ్యి ఊపి, ఆపకుండా వెళ్లిపోయింది.

"ఊరన్నంక బస్సు ఉండదా బిడ్డా?" అని ఆ సాయంత్రం గౌరిని అడిగాడు.

"ఇక్కడ ఎవరి కారు వాళ్లకుంటది నాయినా."

"మరి కారు లేనోడు?"

గౌరి గిన్నె తోముతూ ఆగి, తండ్రి వంక చూసి, మళ్లీ తోమడం మొదలుపెట్టింది. ఆమె ఆసుపత్రి లాబ్‌లో పనిచేస్తుంది. భర్త జగన్మోహన్ గుంటూరు వైపువాడు, ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఇంజనీరు. ఇద్దరూ ఒకే కారులో పొద్దున్నే వెళ్లిపోతే, సాయంత్రం దాకా ఆ ఇంట్లో ఫ్రిజ్ చప్పుడూ వీరాంజనేయులూ మిగిలేవారు. భార్య పోయాక కూతురు పట్టుబట్టి ఆయన్ని తెచ్చుకుంది. అది 1985.

అంతకుముందు ఆయన బతుకంతా బస్సులోనే గడిచింది. అచ్చంపేట డిపోలో కండక్టరు. చాలా ఏళ్లు హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే బస్సు మీద ఉండేవాడు. ఆ బస్సుకి డ్రైవరు కొండల్ రావు. డ్యూటీ చార్టు వేసే గుమాస్తాకి చాయ తాగించో, బతిమాలో, ఇద్దరూ ఒకే బండి మీద పడేలా చూసుకునేవారు. ముందు తలుపు పక్కన, ఎడమవైపు, డ్రైవరు సీటుకి సమానంగా కండక్టరుకో సీటుండేది. అది పేరుకే. ఏ ముసలమ్మో, ఏ పసిబిడ్డ తల్లో అందులో కూర్చుంటే ఆయన జనం మధ్యన ఇరుక్కుని టిక్కెట్లు కొట్టేవాడు.

కండక్టరుకి రోడ్డు ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. ఒకరి భుజం మీదుగా కాస్త, ఒకరి ఒళ్లోని మూట పక్కనుంచి కాస్త. చెట్టు వెనక్కి వెళ్లిపోయాక గాని అది చింతచెట్టని తెలియదు. మన్ననూరు దాటి నల్లమల అడవిలోకి దిగగానే, ముందునుంచి కొండల్ రావు కేక వేసేవాడు.

"ఆంజనేలూ! సూడు సూడు, నెమలి!"

టిక్కెట్ల పెట్టె చంకలో నొక్కిపట్టుకుని, తలల మధ్యనుంచి వంగి, "ఏడ?" అనేవాడు ఈయన.

"పాయె," అనేవాడు కొండల్ రావు.

ఏళ్ల తరబడి ఆ అడవిలో వాళ్లిద్దరి సంభాషణ ఇదే. ఎండాకాలం ఎండుటాకుల్లోంచి, వానాకాలం పొగమంచులోంచి, ఒక నెమలి ఎప్పుడూ ఆయన చూడబోయే క్షణానికి కాస్త ముందు రోడ్డు దాటిపోయేది.

రిటైరయ్యాక ఇద్దరూ కలిసి పాత జీపు కొనాలనుకున్నారు. ఆయనకి కొండల్ రావు డ్రైవింగ్ నేర్పాలి. జీపు కొనకముందే కొండల్ రావు గుండె నొప్పితో మంచం పట్టాడు. గౌరి కాగితాలు పంపిందని చెప్పడానికి ఈయన వెళ్తే, దిండుకి ఆనుకుని నవ్వాడు. "పో. ఆడ రోడ్లు సాపుగుంటయట. మంచిగ నేర్సుకుని రా. నన్ను పక్కన కూసోబెట్టుకోని తిప్పు. అప్పుడు బెల్లు నేను కొడ్త," అన్నాడు. ఆ వానాకాలం దాటలేదు.

ఇన్నాళ్లకి ఈ పరాయి ఊళ్లో, లెర్నర్ పర్మిట్ చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు వీరాంజనేయులు. రాతపరీక్ష రెండోసారికి గట్టెక్కాడు. పర్మిట్ ఉంది గాని కారు లేదు. జగన్మోహన్ కారు ఆఫీసుకి కావాలి, పైగా అది కొత్తది. దాని మీద ఎవరి చెయ్యి పడ్డా అతని మొహం వాడిపోతుంది.

ఆ వసంతంలో పక్కింటి ప్రూయిట్ అనే ఆవిడ తన భర్త కారుని అమ్మకానికి పెట్టింది. భర్త పోయి ఏడాది అయింది. ఆకుపచ్చ ప్లిమత్, పాతదే, సీట్ల తోలు అక్కడక్కడా పగిలింది, డాష్‌బోర్డు మీద ఎండ తిన్న మచ్చ. ఆవిడ బానెట్ ఎత్తి చూపిస్తుంటే వీరాంజనేయులు ఇంజన్‌కేసి చూడలేదు. ముందు అద్దం చూస్తూ నిలబడ్డాడు. ఈ చివరనుంచి ఆ చివరకి ఒకే అద్దం. అందులో టెక్సస్ ఆకాశం మొత్తం పడుకుని ఉంది.

"తీసుకుందాం," అంది గౌరి భర్తతో. "నాయిన నేర్చుకుంటడు. నాకు షిఫ్ట్ మారినప్పుడు నేనూ తోల్తా."

"కారు కొనడం పెద్ద మాట కాదు గౌరీ. ఇన్సూరెన్స్ సంగతి ముందు తేల్చుకోవాలి. ధరంటే ఒక్కసారి పెట్టేది, ఇది నెలనెలా తినేది. అరవయ్యేళ్లు దాటిన లెర్నర్‌కి ఎవడిస్తాడో చూడాలి కదా," అన్నాడు జగన్మోహన్. అతనన్నదీ నిజమే. ఆ ఏడు కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారని వినిపిస్తోంది. ప్రతి ఖర్చూ అతనికి గుమ్మంలో నిలబడిన అపరిచితుడిలా కనిపిస్తోంది.

ఆ శనివారం మామగారిని వెంటబెట్టుకుని ఇన్సూరెన్స్ ఏజెంటు దగ్గరికి వెళ్లాడు. డోనట్ల కొట్టు పక్కన చిన్న ఆఫీసు. ఏజెంటు పేరు రే. పెద్ద చేతులు, మెత్తటి గొంతు. అన్నీ విని, కుర్చీలో వెనక్కి వాలి, రెండు దారులున్నాయన్నాడు. పెద్దాయన పేరు లెర్నర్‌గా పాలసీలో చేర్చడం ఒకటి. ఆ వయసులో కొత్తగా నేర్చుకునే మనిషంటే కంపెనీకి భయం కాబట్టి ప్రీమియం దాదాపు రెట్టింపవుతుంది. లేదా, ఈ మనిషి ఈ కారు నడపడు, నడిపితే కంపెనీకి బాధ్యత లేదు అని ఓనరు సంతకం పెట్టడం రెండోది. అప్పుడు ప్రీమియం పెరగదు. చాలామంది రెండోదే ఎంచుకుంటారని కూడా చెప్పాడు.

వీరాంజనేయులికి ఇంగ్లీషు కొంత అర్థమైంది, మిగతాది అల్లుడి మొహంలో అర్థమైంది.

జగన్మోహన్ కాసేపు పెన్ను మూత తీసి పెట్టాడు. తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, ఈయన ఇండియాలో గవర్నమెంటు బస్సుల్లో పనిచేశారు, ఇరవయ్యేడేళ్లు, అన్నాడు ఇంగ్లీషులో.

రే ముందుకి వంగాడు. "బస్సా! ఆ మాట ముందే చెప్పొద్దూ!" అన్నట్టు చేతులు చాచాడు. ఇరవయ్యేడేళ్లు బస్సు మీద ఉన్నవాడు లెర్నర్ ఎలా అవుతాడు, ఇక్కడి లైసెన్స్ లేదంతే కదా, దానికి వేరే రేటుంది. జగన్మోహన్ గోడమీది క్యాలెండర్ చూస్తున్నాడు.

"ఎలాంటి రోడ్లు?" అని రే పెద్దాయన్నే అడిగాడు.

ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారని ఆయన ఆ దేశం వచ్చిన నాటినుంచి ఎదురుచూస్తున్నాడు. తన ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. ఫారెస్ట్. బిగ్ హిల్. వి గో అప్, వి టర్న్, వి టర్న్ అగైన్. కింద కృష్ణా రివర్, చాలా కింద, దారంలాగా. చేతులతో మలుపులు తిప్పి చూపించాడు. టేబుల్ మీది పేపర్ వెయిట్ కొండ అయింది, స్టేప్లర్ బస్సు అయింది.

"ఏనుగులు అడ్డమొచ్చేవా?"

"నో ఎలిఫెంట్. పీకాక్."

"యాక్సిడెంట్లు?"

"నెవర్. వి ఆర్ వెరీ కేర్‌ఫుల్."

రే సంబరంగా రాసుకుంటూ పోయాడు. రాయడం అయ్యాక కాగితాన్ని పెద్దాయన వైపు తిప్పి, సంతకం చేయాల్సిన చోట వేలు పెట్టాడు. ఆ వేలికి పైన, నీలి సిరాతో, వీరాంజనేయులి పేరు. దాని పక్కన వృత్తి అని ఉన్నచోట డ్రైవర్ అనే మాట.

ఆయన పెన్ను పట్టుకున్నాడు. ఆ మాట వంక చూశాడు. ఎంత తేలిగ్గా వచ్చి కూర్చుంది! ఖాకీ చొక్కా, మెడ వెనక మడిచి పెట్టుకున్న చేతిరుమాలు, స్టీరింగ్ మీద నల్లగా మెరిసే ముంజేతులు, మలుపులో అద్దంలోంచి ఒక్కసారి వెనక్కి చూసే కళ్లు. ఆ మాటలో అప్పటికే ఒక మనిషి కూర్చుని ఉన్నాడు.

"సర్," అన్నాడు. "ఐ నాట్ డ్రైవ్. డ్రైవర్ ఈజ్ కొండల్ రావు. ఐ గివ్ బెల్."

రేకి అర్థం కాలేదు. వీరాంజనేయులు లేచి నిలబడి, లేని తాడుని నెత్తిమీద రెండుసార్లు లాగాడు. "టింగ్ టింగ్. హి గోస్." ఒకసారి లాగాడు. "టింగ్. హి స్టాప్స్."

జగన్మోహన్ కళ్లు మూసుకున్నాడు. రే, ఒక్క బస్సుకి ఇద్దరు మనుషులా అని ఆశ్చర్యపడి, నీలి మాట మీద నెమ్మదిగా ఒక గీత గీశాడు. తర్వాత సొరుగులోంచి ఇంకో కాగితం తీశాడు. ఈ మనిషి ఈ కారు నడపడు అని ఓనరు సంతకం పెట్టే కాగితం. కారు గౌరి పేరున కొనబోతున్నారు కాబట్టి ఆమె సంతకం పెట్టాలి.

బయటికొచ్చాక కారు తలుపు దగ్గర జగన్మోహన్ ఆగాడు.

"ఒక్క సంతకం మామయ్యగారూ! నేను అబద్ధం ఆడలేదు, మిమ్మల్ని ఆడమనలేదు. ఆయనే రాసుకున్నాడు కదండీ."

"ఆ సీటు కొండల్ రావుది బాబూ. ఆయన లేడని పోయి నేనెట్ల కూసుంటా?"

"ఇన్సూరెన్స్ ఫారం మీద సీటేవిటండీ బాబూ..." అని నెత్తి పట్టుకున్నాడు అల్లుడు. డోనట్ల కొట్లోకి వెళ్లి, చక్కెర రాలుతున్న పొట్లం తెచ్చి, మామగారి చేతిలో పెట్టాడు. దారంతా ఇద్దరూ డోనట్లు తిన్నారు. అలవాటుగా ఎక్కిన వెనక సీట్లోంచి వీరాంజనేయులికి రోడ్డు అల్లుడి భుజం మీదుగా కాస్త, తలుపు అద్దంలోంచి కాస్త కనిపించింది.

కాగితం వంటింటి బల్లమీద, ఉప్పు సీసా కింద, రెండు రోజులు ఉండిపోయింది. చివరికి ఆయనే కూతురి ముందుకి జరిపాడు.

"పెట్టెయ్ బిడ్డా సంతకం. ఊకె ఖర్సు. నువ్వు తోలుకో, నేను ఎన్క కూసుంటా."

గౌరి పెన్ను తీయలేదు. "నీకు ఎక్కడికి పోవాలనుంది నాయినా?"

"యాడికీ లేదు."

"మరి?"

ఆయన చాయ గ్లాసుని బల్లమీద గుండ్రంగా తిప్పాడు. "ముందలి అద్దంల నుంచి సూడాలె. రోడ్డు నా దిక్కు రావాలె. ఇన్నేండ్లు ఎన్కకు పోయినంక సూసిన రోడ్డే గద." ఆగి నవ్వాడు. "కొండల్ రావు నెమలి అంటుండె. ఒక్కపారి గూడ కండ్లవడకపాయె."

గౌరికి ఎండాకాలం సెలవులు జ్ఞాపకం వచ్చాయి. చిన్నప్పుడు నాయిన బస్సులో శ్రీశైలం పోవడం. కొండల్ రావు మామ తన సీటు పక్కనుండే ఇంజన్ బానెట్ మీద దుప్పటి మడతపెట్టి ఆమెని కూర్చోబెట్టేవాడు. దుప్పటిలోంచి వేడి తగిలేది. ఎదురుగా అడవి రెండుగా విడిపోయి దారి ఇచ్చేది. వెనకెక్కడో జనంలోంచి, "చిల్లర, చిల్లర తియ్యుర్రి" అని నాయిన గొంతు మాత్రం వినిపించేది.

"నేను చూసిన నాయినా," అంది మెల్లగా. "నెమలిని. మస్తుసార్లు. తోక రోడ్డు మీద ఈడ్చుకుంట పోయేది."

వీరాంజనేయులు ఆమె వంక చూశాడు. ఆయన మొహంలో ఈర్ష్య, మురిపెం ఒక్కసారే కదిలాయి.

"అందరు సూసిన్రు పో. నేను దప్ప."

మర్నాడు పొద్దున ఆసుపత్రికి పోయేముందు గౌరి ఏజెంటుకి ఫోన్ చేసింది. గది తలుపు దగ్గర నిలబడి ఆయన విన్నాడు. మా నాన్న పేరు కూడా రాయండి. అవును, లెర్నర్. అవతలినుంచి ఏదో ప్రశ్న. గౌరి ఒక క్షణం తండ్రి వంక చూసి, "జీరో," అంది.

నడిపిన అనుభవం సున్నా. ఆ సున్నా ఆయనకి మొదట చురుక్కుమంది. తర్వాత, రోజంతా ఖాళీ ఇంట్లో తిరుగుతుంటే, తియ్యగా అనిపించింది. మోకాళ్లు నొప్పులు పుట్టే ఈ వయసులో, ఇంకా మొదలే కానిది ఒకటి ఆయనకి మిగిలి ఉంది.

"అయితే నా స్టీరియో ఈ యేడు లేనట్టే," అన్నాడు జగన్మోహన్ ఆ సాయంత్రం. గౌరి నవ్వుతుంటే, "నవ్వు, నవ్వు. ఇకమీదట కారులో మీ నాన్న బెల్లే పాట," అని తనూ నవ్వాడు.

ఆ తర్వాత కౌంటీ టాక్స్ ఆఫీసు. కారు చేతులు మారిందని అక్కడ రాయించుకుని, కొన్న ధర మీద పన్ను కడితే గాని అది తమ కారు కాదు. ప్రూయిట్ కూడా వచ్చింది. క్యూలో నిలబడి, ధర తక్కువ వేస్తే పన్ను తగ్గుతుంది, అందరూ అలాగే చేస్తారు, నాకేం అభ్యంతరం లేదు అని గౌరి చెవిలో చెప్పింది. గౌరి ఆ మాట తెలుగులో చెప్పేసరికి వీరాంజనేయులు తల అడ్డంగా తిప్పాడు.

జగన్మోహన్‌కి హుషారు పుట్టింది. "కారుకి పదకొండేళ్లే కదండీ మామయ్యగారూ. పన్నెండు నిండలేదు. రూల్ ప్రకారమే అర టిక్కెట్టు కొట్టెయ్యొచ్చు."

"పన్నెండు నిండిన పోరగాండ్లను పదకొండని సెప్పే తల్లులను శానమందిని సూసిన బాబూ. పూర టిక్కెట్టే."

"ఈ రూట్లో చెకింగ్ స్క్వాడ్ రాదండీ."

"రాదనుకున్ననాడే వస్తది," అన్నాడు ఆయన. క్యూలో ముందున్నవాళ్లు వెనక్కి తిరిగి చూసేలా ముగ్గురూ నవ్వారు. ఎందుకో తెలియకపోయినా ప్రూయిట్ కూడా నవ్వింది. తర్వాత, తాళం చెవులు ఇస్తూ ఆగి, వాటిని ఒకసారి గుప్పిట్లో మూసి తెరిచింది. భర్త చేతుల్లో అరిగిన తాళాలు. వీరాంజనేయులు రెండు చేతులూ చాపి అందుకున్నాడు. పన్ను రసీదుని నిలువుగా మడిచి, పాత అలవాటుగా ఎడమచేతి వేళ్ల మధ్య పెట్టుకున్నాడు. ఇంటికి చేరేదాకా అది అక్కడే ఉంది.

గౌరికి సెలవున్న రోజున ఇద్దరూ వెళ్లేసరికి చర్చి వెనక పార్కింగ్ ఖాళీగా ఉంది. దాని అంచునుంచి ఒక చిన్న రోడ్డు పొలాలవైపు సాగి, గడ్డిలో కలిసిపోతోంది. గౌరి దిగి, కారు చుట్టూ తిరిగి, కుడివైపు వచ్చి కూర్చుంది. ఆయన వెనక సీట్లోంచి దిగి, ముందు ఎడమ తలుపు తీసి, కూర్చునేముందు సీటుని అరచేత్తో ఒకసారి తుడిచాడు.

కూర్చుని, ముందుకి చూసి, పక్కకి చూసి, ఒక్కసారిగా ఆగిపోయాడు.

"ఏమైంది నాయినా?"

ఈ దేశంలో స్టీరింగ్ ఎడమవైపుంటుందని ఆయనకి వచ్చిన రోజే తెలుసు. తెలియడం వేరు, కూర్చోవడం వేరు. తలుపు పక్కన, ఎడమవైపు, ఇది తన సీటే. ఏనాడూ కుదురుగా కూర్చోని తన కండక్టరు సీటు. కుడిపక్కన కొండల్ రావు సీటు ఎక్కడిదక్కడే ఉంది. దాన్ని ఎవరూ తీసుకోలేదు. స్టీరింగే ఇటు జరిగి ఆయన ఒళ్లోకి వచ్చింది.

"ఏం లేదు బిడ్డా," అన్నాడు.

ఇంజన్ స్టార్ట్ చేశాడు. గౌరి చెప్పినట్టు బ్రేకు మీద కాలు పెట్టి, గేరు మార్చాడు. కారు సన్నగా వణుకుతోంది. ఆయన కదల్చలేదు. రెండు చేతులూ స్టీరింగ్ మీద, చూపు అద్దంలో, చెవి మాత్రం ఎక్కడో ఉంది.

"పోనీ నాయినా."

ఆయన కదల్లేదు.

"బ్రేక్ మీంచి కాలు తీయి. అంతే."

"తెలుసు బిడ్డా," అన్నాడు ఇబ్బందిగా. "బెల్లు..."

గౌరి ఆయన వంక చూసింది. నవ్వబోయి మానుకుంది. అద్దం దించి, చెయ్యి బయటపెట్టి, కారు కప్పు మీద అరచేత్తో రెండుసార్లు కొట్టింది.

"రైట్, రైట్!"

కారు కదిలింది. ముందు ఒక గీత దాటింది, ఇంకో గీత దాటింది. పార్కింగ్ చుట్టూ ఒకసారి, నెమ్మదిగా ఇంకోసారి. తర్వాత గౌరి వేలు చూపిస్తే చిన్న రోడ్డులోకి తిప్పాడు. రోడ్డు మొత్తంగా, ఎక్కడా తెగకుండా, ఎవరి భుజమూ అడ్డం లేకుండా ఆయనవైపు వచ్చింది. చెట్లు దగ్గరికి రాకముందే చెట్లయ్యాయి. గడ్డి మీది గాలి తనని తాకకముందే కనిపించింది. ఇన్నేళ్లు కొండల్ రావు ఒక్కడే చూసినది ఇదన్నమాట. ఇంత ఉందని ఎప్పుడూ చెప్పలేదే. ఎలా చెబుతాడు?

అప్పుడు కంచె తీగ మీంచి ఒక పిట్ట లేచింది. పిడికెడు పిట్ట, ఒంటికి రెట్టింపు తోక. ఆ తోక గాల్లో కత్తెరలా విచ్చుకుని, అద్దానికి అడ్డంగా, రోడ్డుకి ఈ పక్కనుంచి ఆ పక్కకి సాగింది.

"సూడు సూడు!" అని కేక వేశాడు వీరాంజనేయులు కుడిపక్కకి.

గౌరి ఉలిక్కిపడి తలెత్తింది. "ఏది నాయినా? ఏడ?"

ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"పాయె," అన్నాడు.